బోర్లించిన లోటాలు

చిక్కబళ్లాపురంలో మునిశామప్ప బేకరీకి అంబుజమ్మ సంచి మోసుకుని వచ్చిందంటే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడతాడు. సంచి అందుకుని, ఒక పొట్లం విప్పి, నాలుగు పప్పులు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, పన్నెండేళ్లుగా అంటున్న మాటే అంటాడు.

"ఇంత పని ఒక్కరే ఎట్ల చేస్తారమ్మా?"

అంబుజమ్మ దానికి సూటిగా జవాబు చెప్పదు. కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కకు తిరిగి, "ఏముండాది లేప్పా" అంటుంది. అంత మాత్రమే. కానీ ఆ ఒక్క మాట వినడానికే ఆమె చింతామణి నుంచి అంత దూరం ఎర్రబస్సులో నిలబడి వస్తుందేమోనని చూసేవాళ్లకు అనుమానం రాక మానదు. పొగడ్త అంటే గిట్టనట్టు ముఖం పెట్టేవాళ్లకే అది ఎక్కువ కావాలి మరి.

ఆమె అమ్మేది పితికిపప్పు. మంచు పడే కాలంలో వచ్చే అనపకాయలను ఒలిచి, గింజలను ఒక రాత్రి నానబెట్టి, ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కాలి. తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు గిన్నెలోకి దూకుతుంది. దాన్ని ఆరబెట్టి, నూనెలో వేయించి, వేరుశనగ విత్తనాలు, వెల్లుల్లి, కరివేపాకు, ఉప్పూ కారం కలిపితే, తినడం మొదలుపెట్టినవాడు పొట్లం అడుగు కనిపించేదాకా ఆపడు. తినేవాడికి అరనిమిషం, పితికేవాళ్లకు అరపూట. ఆ కాలం మహా అయితే రెండు నెలలు. మిగతా ఏడాదంతా చట్నీపొడి, కారప్పొడి చేసి అమ్మినా అంబుజమ్మ పేరు నిలబెట్టింది ఆ రెండు నెలల పప్పే.

భర్త మునిరాజు బస్సు కండక్టరు. ఆయన పోయినప్పుడు కూతురు రశ్మి ఇంకా కాలేజీలో ఉంది. మూడు నెలలు గోడకు ఆనుకుని కూర్చుని, నాలుగో నెలలో లేచి అంబుజమ్మ సంతకు పోయి ఒక మూట అనపకాయలు తెచ్చింది. అప్పటినుంచి కాయలు కొనేది ఆమే, ఒలిచేది ఆమే, పితికేది, వేయించేది, పొట్లాలు కట్టేది, బస్సెక్కి అంగళ్లకు చేర్చేది అన్నీ ఆమే. ఒక్కతే చేయడం ఆమెకు వ్రతం లాంటిది. వ్రతానికైనా ముత్తైదువలను పిలుస్తారు, దీనికి అదీ లేదు.

సాయం చేస్తామన్నవాళ్లు లేకపోలేదు. పక్కింట్లో జాకెట్లు కుట్టే నేత్ర మొదట్లో అడిగింది, "అత్తా, నాకు మధ్యాహ్నం పని ఉండదు, ఒక గిన్నె పితికిచ్చేదా?" అని. "వద్దులేమ్మా, నీ మిషన్ పని నువ్వు చూసుకో" అంది అంబుజమ్మ. రశ్మి కూర్చోబోతే "పోయి చదువుకో" అంది. నాలుగిళ్ల అవతలి సుబ్బలక్ష్మమ్మ ఎవరూ అడగకుండానే వచ్చి గిన్నె ముందేసుకుని కూర్చుంది. ఆమె అంబుజమ్మ పుట్టినూరి మనిషే, పదేళ్లు పెద్దది, ఆమె కూడా చింతామణికే కోడలుగా వచ్చింది. ఆమెనూ "కాళ్లనొప్పులు పెట్టుకోని నీకెందుకక్కా" అని మెల్లగా లేపేసింది. సుబ్బలక్ష్మమ్మ ఆ గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత వీధిలో ఎదురుపడితే "బాగుండావా" అంటే "బాగుండా" అనుకోవడమే మిగిలింది.

ఈ పట్టుదల ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే బాగేపల్లి తాలూకాలోని ఆమె పుట్టినింటి దాకా పోవాలి.

ఆ ఇంటి వాకిట్లో నిలబడితే దూరాన గుడిబండె కొండ కనిపించేది. చలికాలం పొద్దున కొండ నెత్తి మీద మంచు కూర్చునేది, ఎండ ముదిరితే గానీ లేచేది కాదు. నాన్న చెన్నరాయప్ప కోడి కూయగానే చేనికి పోయేవాడు. అమ్మ అంజనమ్మ వాకిట్లో ఈతచాప పరచి, నానిన అనపగింజల గంగాళాన్ని మెల్లగా దాని మీదికి జరుపుకునేది. ఆ గింజల పచ్చివాసన, తడిసిన మట్టి వాసన, పొయ్యి పొగ వాసన మూడూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ సంతలో మొదటి అనపకాయల మూట విప్పినప్పుడు అంబుజమ్మకు ముందు ఆ వాకిలే గుర్తుకొస్తుంది, ఆ తర్వాతే బేరం.

చిన్న అంబుజ పలక సంచి భుజాన వేసుకుని బడికి పోయేటప్పుడు గంగాళం నిండా గింజలుండేవి. దారిలో సుబ్బలక్ష్మమ్మ వాళ్లమ్మ ఆపి, ముద్దుగా తల దువ్వి జడ వేసి పంపేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గంగాళం ఖాళీ. పక్కనున్న వెడల్పు పళ్లెంలో తెల్లగా, నున్నగా పితికిపప్పు కుప్ప. అమ్మ ఒక్కతే వాకిలి ఊడుస్తూ ఉండేది. నీళ్లతొట్టి పక్కనున్న బండ మీద కడిగిన లోటాలు వరసగా బోర్లించి ఉండేవి. అంబుజ ఒక లోటా తీసుకుని నీళ్లు తాగి, పప్పులో ఇంత గుప్పెడు తీసి నోట్లో వేసుకునేది. అమ్మ ఆముదం వెచ్చబెట్టుకుని వేళ్లకు రుద్దుకుంటూ కూర్చునేది.

"అంతా నువ్వే పితికినావా అమ్మా?" అని ఒకసారి అడిగింది కూడా. అమ్మ నవ్వి, "అయిపోయింది గదా" అంది.

ఆ పిల్లకు ఆ జవాబు చాలింది. మా అమ్మ ఒక్కతే గంగాళం గింజలు పితుకుతుంది, వేళ్లు పడిపోయినా ఎవరినీ పిలవదు. ఆ సంగతి మనసులో రాసుకుంది, పెద్దయినా చెరపలేదు. రశ్మికి అన్నం తినిపిస్తూ చెప్పింది, జడ వేస్తూ చెప్పింది, పెళ్లి చేసి పంపేటప్పుడు కూడా చెప్పింది. "మీ అవ్వ ఎవురినీ ఒక్క మాట అడిగిండ్లేదు. అట్లుండాల ఆడది."

అట్లా నడుస్తున్న బండికి ఈ ఏడు పుష్యమాసంలో ఒక గురువారం పొద్దున చక్రం ఊడింది.

ముందురోజే మునిశామప్ప ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి ఎవరో పెద్ద పొట్లాల కంపెనీవాళ్లు వచ్చారట, బేకరీ ముందర అద్దాల అర తమకే ఇమ్మంటున్నారట. "పన్నెండేండ్లుగా అది మీ అరనే అమ్మా. శనివారానికి సరుకొస్తే మీదే. రాలేదంటే వాళ్లకిచ్చేస్తా, ఏమీ అనుకోవద్దు. గిరాకీ కాలంలో అర ఖాళీగా పెట్టుకోలేను గదా" అన్నాడు. అంబుజమ్మ "శనివారం పొద్దునకి నీ ముందర ఉంటుంది లేప్పా" అని ఫోన్ పెట్టేసి, ఉన్న గింజలన్నీ గంగాళంలో నానబోసింది.

తెల్లారి, ఇంకో మూట కాయలు కొందామని సంతకు పోయింది. ఆటో దేవరాజ్ "ఉండమ్మా, నేనెత్తుతా" అంటూ దిగబోయాడు. "నాకు తెలుసు లే నాయనా" అని ఆమె మూట ఎత్తబోయింది. మంచుకు తడిసిన మూట జారింది. కుడిచేతి బొటనవేలు దాని కింద పడి వెనక్కి మడతపడింది. దేవరాజే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కీలు తప్పిందన్నాడు డాక్టరు. వేలికి చెక్క కట్టి, మణికట్టు దాకా గుడ్డ చుట్టి, మూడు వారాలు కదపకూడదన్నాడు.

"ఎడమ చెయ్యుండాది గదా" అంది అంబుజమ్మ.

డాక్టరు ఆమెను ఒకసారి చూసి, చీటీ రాసిచ్చాడు.

ఇంటికి వచ్చి ఎడమచేత్తో కూర్చుంది. గింజ జారేది, నేల మీద దొర్లేది, నొక్కితే పప్పు రెండు ముక్కలయ్యేది. గంటసేపటికి ఒక చిన్న గిన్నె అడుగు కనబడకుండా పోయింది, అంతే. గంగాళం మాత్రం నిండుగా అట్లాగే ఉంది. నానిన గింజ ఎవరి కష్టమూ చూడదు, రేపటి పొద్దుకు పులిసి వాసన వస్తుంది. అది పులిస్తే శనివారం పోతుంది. శనివారం పోతే అర పోతుంది. పన్నెండేళ్లు ఒక్కొక్క అంగడీ ఎక్కి దిగి సంపాదించుకున్న పేరు ఇంకొకరి రంగుల పొట్లం వెనక్కి పోతుంది. ఆ తలపుకే ఆమెకు భయం వేసింది. మునిరాజు పోయిన తర్వాత అంత భయం ఆమెకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

బాగేపల్లిలో స్కూలు టీచరుగా ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"ఏమ్మా రశ్మీ, బాగుండావా?"

"బాగుండానమ్మా. నువ్వు?"

"నాకేమి, గుండ్రాయి మాదిరి ఉండాను." అని, అసలు మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగింది. అటు వైపు రశ్మి దగ్గింది. "ఆ దగ్గేంది?"

"ఏం లేదు, మంచుకి."

"ఇంటి పని, స్కూలు పని అంతా నువ్వే పడి చేస్తాండావా? ఆనంద్‌కుమార్ ఒక చెయ్యి వెయ్యడా?"

"ఆయన్ని ఎందుకు అడిగేదిలేమ్మా. నేను చేసుకుంటా. నువ్వు చేసుకోలేదా?"

అంబుజమ్మ కట్టు చుట్టిన చేతి వైపు చూసుకుంది. "ఇంతకీ ఎందుకు చేసినావు ఫోను?" అంది రశ్మి. "ఊరికేమ్మా" అని పెట్టేసింది.

ఇక మిగిలింది నాలుగిళ్ల అవతలి గడప. చెప్పులు వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది. సుబ్బలక్ష్మమ్మ ఎండలో కూర్చుని రాగులు చెరుగుతోంది. కట్టు చుట్టిన చేతిని కొంగు కింద దాచుకుని అంబుజమ్మ వాకిట్లో నిలబడింది. ఏమి అడగాలో ఇంటి దగ్గరే పాఠంలా వల్లె వేసుకుని వచ్చింది. నోరు తెరిస్తే ఇంకేదో వచ్చింది.

"అక్కా, కొంచెం కరివేపాకు ఉండాదా?"

సుబ్బలక్ష్మమ్మ చేట ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత ఆమె వెనకగా, అంబుజమ్మ ఇంటి గోడ మీదుగా ఏపుగా పెరిగి కనిపిస్తున్న కరివేపాకు చెట్టు వైపు చూసింది. లోపలికి పోయి గుప్పెడు తెచ్చి ఇచ్చింది. అంబుజమ్మ దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చి, తన చెట్టు కిందే నిలబడి, తన తెలివికి తనకే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"కరివేపాకు కోసం రాలేదక్కా నేను."

"తెలుసు."

కొంగు తీసి చెయ్యి చూపించింది. "ఇట్లయింది. గంగాళం గింజలు నానబోసిండాను. రేపటికి పులిసిపోతాయి. నా వల్ల కాదు." ఆగి, తర్వాతి మాట ముల్లు తీసినట్టు బయటికి తీసింది. "వచ్చి పితికిస్తావా అక్కా?"

సుబ్బలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది. గోడ దగ్గరికి పోయి గొంతెత్తి అరిచింది. "నేత్రా! ఏమే ఆశా! గిన్నెలెత్తుకోని అంబుజమ్మ ఇంటికి రాండే!"

ఆశ ఆటో దేవరాజ్ భార్య. పొద్దున జరిగింది మొగుడు చెప్పి ఉంటాడు, పిలుపు కోసమే కాచుకున్నట్టు వచ్చింది. ముగ్గురూ గంగాళం చుట్టూ కూర్చున్నారు. పిల్లలు బడికి, మగవాళ్లు పనికి పోయి వీధి నిమ్మళంగా ఉంది. వేళ్లు ఆడుతున్నాయి, పప్పులు గిన్నెల్లోకి టపటప దూకుతున్నాయి. గట్టెక్కినట్టే అనుకోవాలి.

కానీ అడగడం వేరు, అడిగిన తర్వాత చూస్తూ కూర్చోవడం వేరు. అంబుజమ్మకు రెండోది ఇంకా కష్టమైంది. ఒక్కొక్కరి వెనకా నిలబడింది. నేత్ర గిన్నెలో తోలు కనిపించిందని ఎడమచేత్తో ఏరింది. సుబ్బలక్ష్మమ్మను "మెల్లగా నొక్కక్కా" అంది. ఆశ అందరికంటే వేగంగా పితుకుతోంది, దాని గిన్నె ముందు నిండింది. అంబుజమ్మ ఆ గిన్నెను నేల మీదికి వంచి, చిదిగిన పప్పులను వేరే కుప్ప పెట్టడం మొదలుపెట్టింది.

"సగం బేడలైపోయిండాయి చూడు. నేనైతే ఒక్కటి గూడా చిదమను. అంగట్లో ఇట్లాంటివి ఎవురు కొంటారు?"

ఆశ ముఖం ఎర్రబడింది. చేతులు కడుక్కుని, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా" అని లేచి పోయింది. పాలు ఎక్కడా లేవని అందరికీ తెలుసు. నేత్ర తల వంచుకుంది.

సుబ్బలక్ష్మమ్మ చేతిలోని గింజను గంగాళంలోకి విసిరింది. "ఏమి మనిషివే నువ్వు? మీ అమ్మ గూడా ఇట్లే ఎంచి ఎంచి చూసుంటే మేము రెండో దినం వచ్చుందుమా?"

"యాడికి?"

"యాడికేంది? మీ ఇంటికి, పితికేదానికి."

"మా అమ్మ ఒక్కతే గదా పితికేది?"

సుబ్బలక్ష్మమ్మ ముందు నవ్వింది. అంబుజమ్మ ముఖం చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"అంజనమ్మత్తకి వేళ్లు యాడ వంగేవి అంబుజా? నువ్వు పుట్టకముందే ఆ యమ్మ వేళ్లు వంకరపోయిండె. చలికాలమొస్తే లోటా పట్టుకునేదే కష్టం. నీకు జడ గూడా వేసేదానికి అయ్యేది కాదు. దినామూ నీకు జడ వేసింది మా అమ్మ గదా, మర్చిపోయినావా?"

అంబుజమ్మ మర్చిపోలేదు. ఆ జడను ముద్దు అనుకుంది.

"నువ్వట్ల బడికి పోతే మేమిట్ల వచ్చేది. నేను, మా అమ్మ, ఇంగ నలుగురు. మీ అమ్మ నడుమ కూర్చోని బెల్లం కాపీ పోస్తా, ఊరి ముచ్చట్లు చెప్తా ఉండె. ఎంత నవ్వించేదో! గంగాళం ఎప్పుడైపోయిందో తెలిసేదే కాదు. మళ్లా మా ఇంట్లో నానబోస్తే ఆ యమ్మ అక్కడికొచ్చి కాపీ కాచేది. ముయ్యి గదా అది, మీకు మేము, మాకు మీరు. పొద్దువాలే లోపల అందరమూ చేన్లకి పోతుంటిమి. పోయినంక లోటాలు కడిగి బోర్లించేది. ఆ ఒక్క పని మాత్రం ఎంత కష్టమైనా తానే చేసేది, మమ్మల్ని కడగనియ్యదు."

"నాకెవురూ చెప్పలేదే అక్కా."

"చెప్పేదానికేముండాది? ఊరంతా చూసిందే. నువ్వొక్కతివే బళ్లో ఉంటివి."

అంబుజమ్మ ఉన్నచోటే కూలబడింది. ముందు అమ్మ మీద కోపం వచ్చింది. అయిపోయింది గదా అని నవ్వే బదులు ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? తర్వాత ఆ బండ మీది లోటాలు కళ్లముందుకొచ్చాయి. పగలంతా అమ్మ ఒక్కతే ఉండే ఇంట్లో అన్ని లోటాలు ఎందుకు కడిగి ఉన్నాయని ఒక్కరోజైనా అడగలేదు తను. వేళ్లకు రుద్దుకున్న ఆముదం గుర్తొచ్చింది. ఆ నొప్పి పితికినందుకు వచ్చిందనుకుంది, పితకలేనందుకని తట్టలేదు. అమ్మ ఆ వేళ్లతో అందరి నడుమా కూర్చుని నవ్వించేదంటే, ఆ అమ్మను తాను ఒక్కసారీ చూడలేదు. అది తలుచుకుని ఆమెకు ఏడుపు ఆగలేదు. నేత్ర గాభరాపడి నీళ్లు తెచ్చింది.

కళ్లు తుడుచుకుని లేచి అంబుజమ్మ సూటిగా ఆశ ఇంటికి పోయింది. రెండోసారి అడగడం మొదటిదాని కంటే కష్టమని అప్పుడే తెలిసింది.

"నేను చిదిమేస్తా గదా అత్తా" అంది ఆశ, తలుపు దగ్గరే నిలబడి.

"చిదిమితే చిదమనీ. చిదిగినవి కూరకి పెట్టుకుందాము. నాకు అడిగేది రాదమ్మా, అడిగినంక ఊరుకునేది అసలే రాదు. ఈ పొద్దే నేర్చుకుంటాండాను. రామ్మా."

ఆశ బెట్టు చేసింది. అయినా వచ్చింది. ఈసారి అంబుజమ్మ ఎవరి వెనకా నిలబడలేదు. ఎడమచేత్తో బెల్లం కాపీ కాచి, నాలుగు లోటాల్లో పోసి, నడుమ కూర్చుంది. అమ్మలా ముచ్చట్లు చెప్పడం చేతకాలేదు. అందుకని కరివేపాకు సంగతి చెప్పింది. నేత్ర నవ్వి నవ్వి కాపీ పొలమారింది. పొద్దు వాలకముందే గంగాళం ఖాళీ అయింది.

మర్నాడు వేయించాలి. చిల్లుల గరిటె పట్టడానికి కూడా ఆ చేయి పనికిరాదు. వేయించడం అంబుజమ్మ ఎవరికీ చూపించని విద్య. రశ్మిని కూడా పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. శుక్రవారం పొద్దున ఆ గరిటె నేత్ర చేతికిచ్చింది.

"రంగు చూడొద్దమ్మా, రంగు మోసం చేస్తుంది. శబ్దం విను. వేసినప్పుడు గోల గోలగా ఉంటుంది. ఆ గోల తగ్గి చిటచిటలొక్కటే వినబడతాయి గదా, అప్పుడు తీసెయ్యి. ఒక్క క్షణం గూడా ఆగొద్దు."

చెప్పి, స్టూలు తీసుకుపోయి వీధి అరుగు మీద వేసుకుని కూర్చుంది. లోపలుంటే నోరు ఊరుకోదని ఆమెకు తెలుసు. చెవులు మాత్రం పొయ్యి దగ్గరే ఉన్నాయి. మూడుసార్లు లేచింది, మూడుసార్లూ కూర్చుంది. మొదటి వాయి కొంచెం ఎర్రబారింది. "ఇది మనకి కాపీలోకి" అని పక్కన పెట్టించింది. రెండో వాయికి లోపలినుంచి చిటచిటలు వినబడ్డాయి, వెంటనే గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు వినబడింది. అంబుజమ్మ సరిగ్గా ఎప్పుడు తీసేదో అప్పుడే. ఆమెకు సంతోషమూ, కొంచెం అసూయా రెండూ కలిగాయి.

శనివారం దేవరాజ్ ఆటో తెచ్చాడు. "నువ్వే ఎత్తు నాయనా" అంది అంబుజమ్మ. అతను సంచి ఎత్తి, బస్సులో పెట్టేదాకా ఉన్నాడు. చిక్కబళ్లాపురంలో మునిశామప్ప పొట్లం విప్పి, నమిలి, కళ్లు తెరిచాడు.

"అదే రుచి. అర మీదే అమ్మా, ఇంగ ఎవరొచ్చి అడిగినా ఇయ్యను. అయినా ఈ చెయ్యి పెట్టుకోని ఇంత పని ఒక్కరే ఎట్ల చేసినారమ్మా?"

నేత్ర పేరు, ఆశ పేరు, సుబ్బలక్ష్మక్క పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ పన్నెండేళ్ల అలవాటు ముందు దూకింది. ముఖం తుడుచుకుని, పక్కకు తిరిగి, "ఏముండాది లేప్పా" అనేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆమెకు సుఖం లేదు. ఆ పొగడ్త ఇన్నేళ్లలో మొదటిసారి నోట్లో చేదుగా తగిలింది. అమ్మ కావాలని దాచలేదు, అడిగిన పిల్లకు విడమరిచి చెప్పలేదు, అంతే. తాను మాత్రం తెలిసి తెలిసి ఆ ముగ్గురి పేర్లూ మింగేసింది. సోమవారం మునిశామప్పకు ఫోన్ చేసి చెప్పాలనుకుంది. దానికంటే ముందు చెప్పవలసిన మనిషి ఇంకొకతె ఉందని కూడా అనుకుంది.

ఆ మనిషి, కూతురు రశ్మి, ఆదివారం తానే వచ్చింది. చెయ్యి సంగతి నేత్ర ఫోన్‌లో చెప్పిందట, వస్తున్నానని బస్సెక్కే ముందే అమ్మకు ఫోన్ చేసింది. ఆ పొద్దున కొత్త గింజలు పితకడానికి ముగ్గురితో పాటు వీధి చివరినుంచి మంజునాథ వాళ్లమ్మ, అంబరీష్ పెండ్లాము కూడా వచ్చారు. ఈ కాలం అయ్యేదాకా పూటపూటా వచ్చేటట్టు, వేయించే పని నేత్రదే అయ్యేటట్టు, ఎవరి కష్టానికి తగింది వాళ్లకు ముట్టేటట్టు మాట్లాడుకున్నారు. పని ముగించి లేస్తూ సుబ్బలక్ష్మమ్మ కాపీ తాగిన లోటాలు పోగుచేయబోయింది.

"ఉండనీ అక్కా. అట్లే ఉండనీ."

వాళ్లు పోయిన పావుగంటకు రశ్మి గడపలో నిలబడింది. పళ్లెంలో తెల్లగా పితికిపప్పు కుప్ప. పక్కన చేతికి కట్టుతో అమ్మ, ఒక్కతే. రశ్మి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ చేత్తో గూడా అంతా నువ్వే పితికినావా అమ్మా?"

అంబుజమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మను అడిగిన మాటే.

"లేదు. సుబ్బలక్ష్మక్క, నేత్ర, ఆశ, మంజునాథ వాళ్లమ్మ, అంబరీష్ పెండ్లాము. అయిదుమంది. నేను కాపీ పోసినా, అంతే. అవిగో చూడు."

చాప చుట్టూ లోటాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగి ఉంది, ఒకదాని అంచుకు చీమలు పట్టాయి.

"మీ అవ్వ గూడా అంతే అంట. ఆరుమందొచ్చి పితికేవాళ్లంట. ఒక్కతే చేసేదని నీకు చిన్నప్పటినుంచి చెప్పిందంతా నా తప్పమ్మా. నాకు తెలీదు. ఆ యమ్మ లోటాలు కడిగి బోర్లించేది, నేను బోర్లించినవే చూసినా. నువ్వు చూడాలనే ఇవి కడగలేదు." కూతుర్ని అడగడానికి కూడా బెదురు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. "ఈ చేత్తో నాకు కాదు. కడిగి పెడతావా?"

రశ్మి చేతిసంచి కింద పెట్టింది. లోటాలు ఏరుకుని తొట్టి దగ్గర కూర్చుంది. మూడు కడిగింది. నాలుగోది చేతిలో పట్టుకుని, వెనక్కి తిరగకుండానే, చిన్నగా అంది.

"అమ్మా, నాకు నాలుగు దినాలుగా జ్వరం వస్తాండాది. ఎవురికీ చెప్పలేదు."

అంబుజమ్మ గబగబా పోయి ఎడమచెయ్యి దాని నుదుటి మీద పెట్టింది. పెనంలా కాలుతోంది. లోటా దాని చేతిలోంచి లాక్కుని బండ మీద పెట్టి, గోడ దగ్గరికి పోయి వీధంతా వినబడేటట్టు అరిచింది.

"అక్కా! సుబ్బలక్ష్మక్కా! బిడ్డకి జ్వరం, ఒకసారి ఇట్ల రా!"

కరివేపాకు మాట ఈసారి ఎత్తలేదు. నాలుగిళ్ల అవతలినుంచి "వస్తాండా" అన్న కేక వినిపించింది.